శవపరీక్ష పత్రానికి కాలదోషం పట్టదు

తెనాలి నుంచి బాపట్ల వైపు వెళ్ళే రైలుమార్గంలో చుండూరు ఒక చిన్న స్టేషను. వేగంగా పోయే బండ్లు అక్కడ ఆగవు. కిటికీ ప్రక్కన కూర్చున్నవారికి వరిచేలు, మురుగు కాలువల గట్లు, దూరంగా ఇళ్ళ కప్పులు కనిపించి మరుగవుతాయి. ఆ ఊరి నడుమ 'రక్తక్షేత్రం' అనే సమాధిస్థలం ఉన్నదని, 1991 ఆగస్టు 6న హత్యకు గురైన దళితులను అక్కడ ఖననం చేశారని ఈ తరం ప్రయాణికులలో ఎందరికి తెలుసో చెప్పలేను.

నేను సాధారణంగా మధుమేహం, రక్తపోటు, పాముకాటు, కలుషిత జలం వంటి విషయాలపై వ్రాస్తుంటాను. ఒక విశ్రాంత వైద్యుడికి ఈ పాత రక్తంతో పనేమిటని కొందరు అడగవచ్చు. హత్యకు గురైన మనిషిని చివరిసారిగా శ్రద్ధతో చూడవలసినవాడు వైద్యుడే. అతడు వ్రాసిన కాగితం న్యాయస్థానంలో ఎంత తూగుతుందో, ఎప్పుడు తూగుతుందో అతడి చేతిలో ఉండదు. కాని చూసినది చూసినట్లు వ్రాయడం అతడి చేతిలోనే ఉంటుంది. ఈ సంగతిని మన డెల్టా ఎంత చెబుతుందో, సముద్రానికి ఆవల ఉన్న దక్షిణాఫ్రికా కూడా అంతే చెబుతుంది.

2022 ఏప్రిల్‌లో జిల్లాలను విభజించినప్పుడు చుండూరు, రేపల్లె, చీరాల, కారంచేడు అన్నీ బాపట్ల జిల్లాలో చేరాయి. ఆరేళ్ళ ఎడంతో రాష్ట్రాన్ని కుదిపివేసిన రెండు ఊళ్ళు అలా ఒకే జిల్లాలోకి వచ్చాయి. కారంచేడు ఘటన 1985 జూలై 17న జరిగింది. మాదిగపల్లెవారు త్రాగునీరు తెచ్చుకునే చెరువును మలినం చేయవద్దన్న మాటతో తగవు మొదలైంది. మరునాడు కమ్మ భూస్వాముల దాడిలో ఆరుగురు దళితులు ప్రాణాలు కోల్పోయారు. స్త్రీలపై అత్యాచారాలు జరిగాయి. మిగిలినవారు చీరాలకు చేరి శిబిరంలో తలదాచుకున్నారు. దళిత మహాసభ ఆ శిబిరపు వేదనలోంచి పుట్టింది. ఆ కేసులో సుప్రీంకోర్టు తుది తీర్పు 2008 డిసెంబరులో, అంటే 23 సంవత్సరాల తరువాత వెలువడింది. నీటి కాలుష్యం గురించి ఎన్ని వ్యాసాలు వ్రాశానో నాకే లెక్క లేదు. వాటన్నిటిలో నీటిని మరిగించి త్రాగండని చెప్పాను. నీటిని పాడుచేయవద్దని నోరు తెరచి అడగగల హక్కు ఊళ్ళో ఎవరికున్నది అన్న ప్రశ్న వాటిలో ఒక్కదానిలోనూ లేదు.

చుండూరు తగవుకు తెనాలిలోని ఒక సినిమాహాలు మూలం. 1991 జూలైలో అక్కడ ఒక దళిత విద్యార్థి కాలు ముందు వరుసలో కూర్చున్న అగ్రకుల యువకుడికి తగిలింది. పట్టణంలో టిక్కెట్టు కొన్నవారందరికీ ఒకే హాలు, ఒకే తెర. దక్షిణాఫ్రికాలో 1953 నాటి చట్టం ప్రకారం బల్లలకు, బస్సులకు, సముద్రతీరాలకు కూడా 'తెల్లవారికి మాత్రమే' అని బోర్డులు తగిలించేవారు. మన హాలులో బోర్డు లేదు. అయినా ఆ కాలు ఎవరిదో, ఎక్కడ ఆగవలసినదో అందరికీ తెలిసినట్లే ప్రవర్తించారు. తరువాత ఊళ్ళో సాంఘిక బహిష్కరణ అమలైంది. దళితులకు కూలిపనులు ఆపివేశారు. ఊళ్ళో పోలీసు శిబిరం ఉండగానే ఆగస్టు 6 వచ్చింది. పోలీసులు పల్లెలోకి వచ్చి మగవారిని పారిపొమ్మన్నారని బాధితులు చెప్పారు. పొలాలలోకి పరుగెత్తినవారిని రెడ్డి, తెలగ కులాలకు చెందిన గుంపులు గొడ్డళ్ళతో, ఇనుపకడ్డీలతో వెంటాడి నరికాయి. ఎనిమిది మంది మరణించారు. కొన్ని శవాలను గోనెసంచులలో కుక్కి కాలువలోను, తుంగభద్ర డ్రెయినులోను పడవేశారు. ఆ తరువాతి రోజులలో వాటిని నీటిలోంచి బయటకు తీశారు. సెప్టెంబరులో పోలీసు కాల్పులలో మరొక దళిత యువకుడు మరణించాడు.

షెడ్యూల్డు కులాలు, తెగలపై అత్యాచారాల నిరోధక చట్టం 1990 జనవరి 30న అమలులోకి వచ్చింది. అంటే చుండూరు నాటికి దాని వయసు ఏడాదిన్నర మాత్రమే. విచారణ మా ఊళ్ళోనే జరగాలని బాధితులు పట్టుబట్టారు. గుంటూరుకో, తెనాలికో సాక్షులు తిరుగుతూ ఉంటే కూలి పోతుంది, దారిలో బెదిరింపులు ఎదురవుతాయి. అందువలన ఆ కోరికలో న్యాయం ఉన్నది. న్యాయవాది బొజ్జా తారకం వంటివారు దానికి అండగా నిలిచారు. చివరకు ప్రత్యేక న్యాయస్థానం చుండూరులోనే కూర్చున్నది. ప్రత్యేక పబ్లిక్ ప్రాసిక్యూటరుగా బి. చంద్రశేఖర్ వాదించారు. 2007 జూలై 31న తీర్పు వచ్చింది: 21 మందికి యావజ్జీవ కారాగారం, 35 మందికి ఏడాది శిక్ష, 123 మంది విడుదల. 2014 ఏప్రిల్ 22న ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఆ శిక్షలను రద్దు చేసి అందరినీ నిర్దోషులుగా ప్రకటించింది. మరణించిన కచ్చితమైన సమయం, ఘటన జరిగిన స్థలం, దాడి చేసినవారి గుర్తింపు నిరూపణ కాలేదన్నది హైకోర్టు చూపిన ముఖ్య కారణాలలో ఒకటి. ఆ తీర్పుపై వివాదం సుప్రీంకోర్టు గడప ఎక్కింది.

గుర్తింపు గురించి, స్థలం గురించి మాట్లాడవలసినవారు న్యాయవేత్తలు. 'మరణించిన కచ్చితమైన సమయం' అన్న మాట దగ్గర మాత్రం నా బోటివాడు ఆగిపోతాడు. సినిమాలలో పోలీసు డాక్టరు శవాన్ని ఒకసారి తాకి "రాత్రి పదిన్నరకు చనిపోయాడు" అంటాడు. అటువంటి విద్య మాకు ఎవరూ నేర్పలేదు. ప్రాణం పోయిన తరువాత శరీరం క్రమంగా చల్లబడుతుంది. ఆ వేగం గాలి, తేమ, బట్టలు, మనిషి లావును బట్టి మారుతుంది. కండరాలు బిగుసుకునే మరణకాఠిన్యం మన వంటి ఉష్ణప్రాంతాలలో ఒకటి రెండు గంటలలో మొదలై, సుమారు పన్నెండు గంటలకు ఒళ్ళంతా వ్యాపించి, ఒకటి ఒకటిన్నర రోజులలో సడలిపోతుంది. ప్రాణభయంతో పరుగెత్తి మరణించినవారిలో అది ఇంకా త్వరగా వస్తుంది. శవం నీటిలో ఉంటే ఈ లెక్కలన్నీ మళ్ళీ మారుతాయి. నీటిలో శరీరం గాలిలో కంటె చాలా త్వరగా చల్లబడుతుంది. కాని కుళ్ళడం మందగిస్తుంది. గాలిలో ఒక వారంలో వచ్చే మార్పునకు నీటిలో రెండు వారాలు పడుతుందని పాత వైద్యన్యాయ గ్రంథాల సూత్రం. ప్రవాహం, చేపలు, పీతలు, గోనెసంచి ఒరిపిడి శవం మీద తమ గుర్తులు వేస్తాయి. ఆగస్టు నెలలో కాలువ నీటిలోంచి తీసిన దేహాన్ని చూసి నిజాయితీ గల వైద్యుడు ఇన్ని గంటలకూ ఇన్ని గంటలకూ నడుమ అని ఒక విస్తృతమైన అవధి మాత్రమే చెప్పగలడు. నిమిషాలు చెప్పేవాడిని అనుమానించాలి. శవాన్ని నీటిలో పడవేసినవాడికి ఈ శాస్త్రం తెలియకపోవచ్చు. కాని అతడు చేసిన పని వలన మొదట చెరిగిపోయేది ఆ సమయమే.

మరి శవం గట్టిగా చెప్పగలిగేది ఏమిటి? గాయం పదునైన ఆయుధంతో అయినదా, మొద్దు ఆయుధంతో అయినదా. ప్రాణం ఉండగా అయినదా, పోయిన తరువాత అయినదా. దెబ్బ ముందునుంచి పడిందా, వెనుకనుంచి పడిందా. చేతుల మీద అడ్డుకున్న గుర్తులు ఉన్నవా. గోనెసంచిలోకి మనిషి తనంతట తాను దూరడు కదా. ఈ అంశాలపై వైద్యుడి మాటకు బలం ఉంటుంది. ఆ బలం వ్రాతలో ఉంటేనే న్యాయస్థానం దాకా చేరుతుంది.

ఇక్కడ నా సంగతి ఒకటి చెప్పకుండా ముందుకు పోలేను. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో, ఒక చిన్న ఆసుపత్రిలో రాత్రి విధులలో ఉండగా, ఒక పాలేరును తీసుకువచ్చారు. వెంట వచ్చినవాడు ఆసామి మనిషి. "బండి మీదినుంచి పడ్డాడండి" అన్నాడు. పాలేరు నోరు విప్పలేదు. చొక్కా ఎత్తి చూస్తే వీపు మీద మూడు చోట్ల జంట గీతలు ఉన్నాయి. కర్రతో గాని కడ్డీతో గాని కొట్టినప్పుడు దెబ్బ పడినచోట రక్తం రెండు ప్రక్కలకు చిమ్ముకుని, అంచులలోని సన్నని నాళాలు చిట్లి, నడుమ పాలిపోయిన చార మిగులుతుంది. మేము దానిని రైలుపట్టాల గాయం అంటాము. బండి మీదినుంచి పడినవాడికి అది రాదు. ఆ సంగతి నాకు అప్పుడే తెలుసు. పరీక్షలో ఆ ప్రశ్నకు మంచి మార్కులు కూడా తెచ్చుకున్నాను. అయినా ఆసామి మనిషిని బయటకు పంపి పాలేరును ఒంటరిగా అడగలేదు. రిజిస్టరులో "పడ్డాడని చెప్పారు" అని వ్రాసి, గాయాల కొలతలు వ్రాయకుండా 'వీపుపై కమిలిన గాయాలు' అని సరిపెట్టాను. చట్టప్రకారం అబద్ధం వ్రాయలేదు. ఆ తెలివే ఇన్నేళ్ళుగా నన్ను బాధిస్తున్నది. చుండూరు వార్తలు చదివిన రోజున నాకు మొదట గుర్తుకు వచ్చినది ఆ పాలేరు వీపే.

'పడ్డాడు' అన్న ఈ చిన్న మాటకు దక్షిణాఫ్రికాలో ఒక పెద్ద చరిత్ర ఉన్నది. వర్ణవివక్ష పాలనలో పోలీసు నిర్బంధంలో మరణించిన రాజకీయ ఖైదీలలో ఒకడు మెట్ల మీదినుంచి పడ్డాడని, ఒకడు స్నానాలగదిలో సబ్బు మీద జారాడని, ఒకడు కిటికీలోంచి దూకాడని ప్రభుత్వం చెప్పేది. అహ్మద్ టిమోల్ అనే 29 ఏళ్ళ ఉపాధ్యాయుడు, భారతీయ సంతతివాడు, 1971 అక్టోబరు 27న జొహానెస్‌బర్గ్‌లోని జాన్ వోర్‌స్టర్ స్క్వేర్ పోలీసు కార్యాలయం పదవ అంతస్తునుంచి దూకి చనిపోయాడన్నారు. 1972లో జరిగిన మరణ విచారణలో మేజిస్ట్రేటు అది ఆత్మహత్యేనని తేల్చాడు. టిమోల్ కుటుంబం తరఫున శవపరీక్షకు హాజరైన వైద్యుడు జొనాథన్ గ్లక్‌మన్. కొన్ని గాయాలు పడడానికి ముందే తగిలినవని ఆయన ఆనాడే చెప్పాడు. విన్నవారు లేరు. అయినా ఆ గాయాల వర్ణన కాగితం మీద మిగిలింది.

ఆరేళ్ళ తరువాత స్టీవ్ బికో వంతు వచ్చింది. డర్బన్‌లోని నేటాల్ విశ్వవిద్యాలయంలో వైద్యవిద్య చదువుతూ ఉద్యమంలోకి వెళ్ళిన యువకుడు ఆయన. 1977 ఆగస్టు 18న అరెస్టు చేశారు. పోర్ట్ ఎలిజబెత్‌లో విచారణ జరుపుతున్నప్పుడు తలకు తీవ్రమైన గాయమైంది. పెనుగులాటలో తల గోడకు తగిలిందన్నది పోలీసుల కథ. సంకెళ్ళతో, ఒంటిమీద బట్టలేకుండా ఉన్న ఆయనను ప్రభుత్వ వైద్యులు ఐవర్ లాంగ్, బెంజమిన్ టకర్ పరీక్షించారు. అసాధారణమైనది ఏదీ కనిపించలేదని లాంగ్ ధ్రువపత్రం వ్రాసి ఇచ్చాడు. మెదడు దెబ్బతిన్న రోగిని వెయ్యి కిలోమీటర్లకు పైగా దూరంలోని ప్రిటోరియాకు జీపు వెనుకభాగంలో నేల మీద పడుకోబెట్టి తరలించడానికి టకర్ అంగీకరించాడు. సెప్టెంబరు 12న బికో మరణించాడు. వయసు 30.

వైద్యవృత్తిలో ఉన్నవారికి ఆ తరువాతి కథ మరింత ముఖ్యం. ఆ దేశపు వైద్యమండలి 1980లో ఆ ఇద్దరు వైద్యులపై చర్య తీసుకోవలసిన అవసరం లేదన్నది. ఫ్రాన్సెస్ ఏమ్స్, ఫిలిప్ టోబియాస్, ట్రెఫర్ జెంకిన్స్ మొదలైన కొద్దిమంది వైద్యాచార్యులు తమ మండలిపైనే న్యాయస్థానానికి వెళ్ళారు. తోటివారి ఆగ్రహాన్ని, ఉద్యోగభయాన్ని లెక్కచేయలేదు. 1985లో న్యాయస్థానం విచారణ జరపమన్నది. అదే ఏడాది టకర్ పేరును వైద్యుల పట్టికనుంచి తొలగించారు. లాంగ్‌ను మందలించి వదిలారు. లాంగ్ ఉద్యోగంలోనే కొనసాగాడు. అతడి క్రింద పనిచేస్తున్న యువ వైద్యురాలు వెండీ ఆర్, జైళ్ళలో తాను చూసిన ఖైదీల గాయాలను లెక్కకట్టి, 1985 సెప్టెంబరులో, పోలీసులు ఖైదీలను కొట్టకుండా ఆపమని కోర్టును ఆశ్రయించింది. కోర్టు ఆదేశం ఇచ్చింది. ఆమె ముందు ఉంచినవి రోజువారీ పరీక్షలో వ్రాసుకున్న గాయాల వివరాలు మాత్రమే. ఆ తరువాత పదేళ్ళకు ఆమె సత్య, సయోధ్య కమిషన్ సభ్యురాలైంది. ఆ కమిషన్ 1997 జూన్‌లో కేప్‌టౌన్‌లో కేవలం వైద్యరంగం పాత్రపైనే ప్రత్యేక విచారణ జరిపింది. ఏ దేశంలోనైనా ఇది అరుదైన సంగతి. మన దేశంలో కులదాడుల కేసులలో వైద్యుల వ్రాతలను ఆ విధంగా ఒకచోట చేర్చి చూసిన సందర్భం నా ఎరుకలో లేదు.

2017లో టిమోల్ కేసును తిరిగి తెరిచారు. ఫోరెన్సిక్ నిపుణులు షకీరా హాలండ్, స్టీవ్ నైడూ 46 ఏళ్ళ నాటి శవపరీక్ష పత్రాలను మళ్ళీ చదివారు. నేటాల్ చెరకుతోటలకు 1860 నుంచి వెళ్ళిన కూలీల సంతతిలో మన 'నాయుడు' ఆ దేశపు పలుకులో 'నైడూ'గా స్థిరపడింది. ఆ పేరు చూసినప్పుడు కలిగిన ఆత్మీయతను దాచుకోలేను. పుర్రె, దవడ గాయాలతో సహా ఎన్నో గాయాలు పడడం వలన వచ్చినవి కావని వారు వివరించారు. అక్టోబరులో న్యాయమూర్తి బిల్లీ మోత్లే, టిమోల్ దూకలేదని, పోలీసుల చేతిలో హత్యకు గురయ్యాడని తీర్పు చెప్పారు. 1971 అక్టోబరులో వ్రాసిన వాక్యాలు 2017 అక్టోబరులో పనికివచ్చాయి. గ్లక్‌మన్ అంతవరకు బ్రతికి లేడు. నిర్బంధ మరణాలకు సంబంధించిన సుమారు 200 దస్త్రాలను దాచి 1992లో పత్రికలకు వెల్లడించినవాడు కూడా ఆయనే.

దక్షిణాఫ్రికాలో ఈ చర్చ ఇంకా ముగియలేదు. కమిషన్ విచారణకు సిఫారసు చేసిన కేసులను ప్రజాస్వామ్య ప్రభుత్వాలే ఏళ్ళ తరబడి ఎందుకు తొక్కిపెట్టాయో తేల్చడానికి అధ్యక్షుడు రామఫోసా 2025లో ఒక విచారణ సంఘాన్ని నియమించవలసి వచ్చింది. అదే ఏడాది సెప్టెంబరు 12న, సరిగ్గా 48 ఏళ్ళకు, బికో మరణంపై విచారణను తిరిగి తెరిచారు. ఆ దేశాన్ని ఆదర్శంగా నిలపడం నా ఉద్దేశం కాదు. క్షమాభిక్ష పేరిట అక్కడ తప్పించుకున్నవారు అనేకులు. పాత కాగితాన్ని మళ్ళీ తెరిచి చదివే అలవాటును మాత్రం నేర్చుకోదగినదిగా భావిస్తాను.

మన కులం గొడవను వారి వర్ణం గొడవతో పోల్చవచ్చునా అని అడిగేవారుంటారు. 2001లో డర్బన్‌లోనే జాతివివక్షపై ప్రపంచ మహాసభ జరిగినప్పుడు దళిత సంఘాలు సరిగ్గా ఈ ప్రశ్ననే తీసుకువెళ్ళాయి. కులం జాతి కాదని భారత ప్రభుత్వం అడ్డుచెప్పింది. విచిత్రమేమంటే, 1965 నాటి అంతర్జాతీయ ఒడంబడికలో జాతి, వర్ణాలతో పాటు 'వంశక్రమం' అన్న మాటను చేర్పించినది భారతదేశమే. ఆ మాటలో కులం కూడా ఉన్నదని ఐక్యరాజ్యసమితి సంఘం 2002లో స్పష్టం చేసింది. శాస్త్రరీత్యా రెండూ ఒకటి కావు. కాని గాయపడి బల్లమీద పడుకున్న మనిషి ప్రక్కన నిలబడి, అతడి కథను మరొకడు చెబుతుంటే వింటున్న వైద్యుడి స్థితి పోర్ట్ ఎలిజబెత్‌లోనూ, మన పల్లెలలోనూ ఒక్కటే.

ఇక పాఠకులకు పనికివచ్చే సంగతులు కొన్ని. గాయపడినవారికి పోలీసు కాగితం కోసం ఆగకుండా చికిత్స చేయాలని సుప్రీంకోర్టు 1989లోనే పరమానంద కటారా కేసులో చెప్పింది. ప్రభుత్వ వైద్యుడైనా ప్రైవేటు వైద్యుడైనా దీనికి బద్ధుడు. వెంట వచ్చినవారు ఏమి చెప్పినా సరే, డాక్టరుతో ఒంటరిగా మాట్లాడాలని కోరవచ్చు. ఎవరు, దేనితో, ఎప్పుడు కొట్టారో మీ మాటలలోనే వ్రాయమనండి. గాయాల ధ్రువపత్రంలో ప్రతి గాయానికీ కొలత, స్థానం, రంగు ఉండాలి. 'కమిలిన గాయాలు' అన్న ఒక్క మాటతో తృప్తిపడకండి. కమిలిన రంగు రోజురోజుకూ మారుతుంది గనుక అదే రోజున ఫొటోలు తీయించుకోండి. పోలీసు నిర్బంధంలో మరణం జరిగితే శవపరీక్షను వీడియో తీయాలని జాతీయ మానవహక్కుల కమిషన్ 1995లో అన్ని రాష్ట్రాల ముఖ్యమంత్రులకు వ్రాసింది. 2016లో సవరించిన నిబంధనల ప్రకారం, అత్యాచారాల నిరోధక చట్టం క్రింద హత్యకేసులో ప్రభుత్వ సహాయంలో సగం శవపరీక్ష తరువాత అందాలి, మిగిలిన సగం అభియోగపత్రం కోర్టుకు చేరిన తరువాత అందాలి. ఆ కుటుంబానికి నివేదిక ఆలస్యమైతే బియ్యం కూడా ఆలస్యమవుతాయి.

ఉద్యోగంలో కొత్తగా చేరిన యువ వైద్యులు ఎవరైనా దీనిని చదువుతూ ఉంటే ఒక్క మనవి. రాత్రి రెండు గంటలకు, నిద్రమత్తులో, గదినిండా మనుషులు ఉన్నప్పుడు "పడ్డాడండి" అన్న మాట చాలా సహజంగా వినిపిస్తుంది. ముందు గదిని ఖాళీ చేయించండి. తరువాత చొక్కా తీయించి, టేపు అందుకోండి.